మూడు వేళ్ల సందు

ఆ ఇంట్లో రెండు రోజులుగా మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు. మాటల్లేవన్న పేరే గానీ, చెప్పుకోవాల్సిందంతా చెప్పుకుంటూనే ఉన్నారు. కాకపోతే మధ్యలో కూతురుండాలి. ఉన్నవి రెండే గదులు. ఒక గదిలో అన్న మాట రెండో గదిలోకి శుభ్రంగా వినబడుతుంది. అయినా సరే, ఆ పిల్ల అటు రెండడుగులు ఇటు రెండడుగులు వేసి మోసుకుపోతేనే మాట చేరినట్టు లెక్క.

"అమ్మా, నాన్న తువ్వాలు ఎక్కడుందని అడుగుతున్నాడు."

"తలుపు వెనకుందని చెప్పు. మూడేళ్లుగా అక్కడే ఉంటోందని కూడా చెప్పు."

"నాన్నా, తలుపు వెనకట. ఇంకో మాట కూడా అంది గానీ అది నేను చెప్పను."

"చెప్పక్కర్లేదులే, వినబడింది. నా చెవులింకా బాగానే ఉన్నాయి" అన్నాడాయన అవతలి గదిలోంచి.

అన్నం డబ్బాలు సర్దుతున్న తల్లి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చెవులు బాగానే ఉన్నాయి. బాగా లేనివేమిటో ఆయన తర్వాత ఆమె ఒక్కదానికే తెలుసు. కాలేజీలో చదువుకుంటున్న కూతురికి కూడా తెలియదు.

ఆయన తాపీ మేస్త్రి. ముప్పయ్యేళ్లుగా గోడలు కడుతున్నాడు. ఆయన లేపిన గోడ గీత గీసినట్టు నిలబడుతుందని పేరు. అందుకే పనిచేసే చోట అందరూ ఆయన్ని నిలువు మేస్త్రి అంటారు. ఎక్కడికి వెళ్లినా ఆ పేరు ఆయనకంటే ముందే వెళ్లి కూర్చునేది. ఆమె పెళ్లయిన ఏడాది నుంచీ ఆయన పక్కనే ఇటుకలందిస్తూ, సిమెంటు మాలు తట్టలు మోస్తూ వచ్చింది. ఇసుకా సిమెంటూ ఏ పాళ్లలో కలపాలో, ఇటుక ఎంతసేపు నానాలో, ఏ వరస దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాలో ఆయనకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. కూలి మాత్రం ఆయనదాంట్లో సగం. తట్ట మోసేవాళ్లకి అంతే మరి.

ఏడాది కిందట ఆయన చూపు మసకబారింది. గోడ నిలువుగా ఉందో లేదో చూడటానికి పైనుంచి దారానికి ఇనప గుండు కట్టి వేలాడదీస్తారు. దారం పైన గోడకి ఎంత దగ్గరగా ఉంటే, గుండు కింద కూడా అంతే దగ్గరగా ఉండాలి. తేడా వచ్చిందంటే గోడ వాలినట్టే. ఆ తేడా ఆయనకి కనబడటం మానేసింది. డాక్టరు దగ్గరికి వెళదామంటే ససేమిరా అన్నాడు. "కళ్లు పోయాయని ఒక్కడికి తెలిసినా రేపట్నుంచి నన్నెవడు పిలుస్తాడే?" అన్నాడు.

అప్పుడు వాళ్లిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆయన గుండు వేలాడదీస్తాడు. ఆమె పక్కనే తట్ట పట్టుకుని నిలబడి, ఎటో చూస్తున్నట్టే సందు చూస్తుంది. తట్ట అంచు మీద ఒక్క దెబ్బ కొడితే ఇటుక వెనక్కి జరపాలి, రెండు కొడితే ముందుకి. ఏమీ కొట్టకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టు. ఏడాదిగా నిలువు మేస్త్రి గోడలు ఆ తట్ట చప్పుళ్ల మీద నిలబడుతున్నాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

గొడవ వచ్చింది ఇక్కడ కాదు. కొత్తగా ఒక కుర్రమేస్త్రి చేరాడు. మీసాలు రాకముందే మేస్త్రి కూలి వచ్చింది వాడికి. వాడు కట్టిన మూల వంకర పోతుంటే ఆమే చూసి సర్దించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొగుణ్ణి అడిగింది. "కాంట్రాక్టరుతో నాకోసం ఒక్క మాట చెప్పు. నాక్కూడా తాపీ ఇమ్మను. చేసే పనికి తగ్గ కూలి ఇమ్మను."

ఆయన నవ్వాడు. "తట్ట మోసేదానికి తాపీ కూలా? నలుగురూ నవ్విపోతారు."

"నీ గోడలు ఎవరి కళ్లతో నిలబడుతున్నాయో తెలిస్తే నవ్వరులే."

"మెల్లగా మాట్లాడవే!"

"మెల్లగా మాట్లాడీ మాట్లాడీ ఇంతకాలం అయింది. రేపట్నుంచి నేను రాను. నీ గోడ నీ కళ్లతోనే కట్టుకో."

అన్నంత పనీ చేసింది. రెండు రోజులు ఇంట్లో కూర్చుంది. ఆయనా తగ్గలేదు. ఒక్కడే డబ్బా పట్టుకుని వెళ్లాడు, ఒక్కడే వచ్చాడు. మూడో రోజు పొద్దున ఆమె కూడా చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని తలకు గుడ్డ చుట్టుకుంది. కోపం తగ్గి కాదు. రెండు రోజులుగా ఆయన కళ్లలోకి చూడాలంటే ఏదో బెదురుగా ఉంది ఆమెకి. ఎందుకో తనకే తెలియదు.

"నాన్నా, అమ్మ కూడా వస్తోందట" అంది కూతురు, ఇద్దరూ తన ఎదురుగానే నిలబడి ఉండగా.

"దారి ఎవరి సొత్తూ కాదుగా" అన్నాడు నిలువు మేస్త్రి, చెప్పులు కాలితో వెతుక్కుంటూ.

పని జరుగుతున్నది నాలుగంతస్తుల కొత్త భవనం దగ్గర. భవనం వెనక ఒక పొడుగాటి గోడ. ఆ గోడకు అవతల పల్లపు నేల. దాన్ని మట్టితో నింపి గోడ ఎత్తు దాకా లేపాలని కాంట్రాక్టరు ఆలోచన. ఇవతల చదునుగా, నీడగా ఉంటుంది. మధ్యాహ్నం ఆడవాళ్లంతా అక్కడే కూర్చుని డబ్బాలు విప్పుకుంటారు. తట్టలు మోసే ఒక బాలింత అయితే, నాలుగు నెలల బిడ్డని అక్కడే దుప్పటి మీద పడుకోబెట్టి పనిచేసుకుంటుంది.

ఆమె మానేసిన రోజుకి ఆ గోడ నడుమెత్తు లేచి ఉంది. ఇప్పుడు తల దాటిపోయింది. మలుపు తిరిగి గోడ చివర నిలబడి ఒక కన్ను మూసి చూసింది. అలవాటు కొద్దీ చూసింది, అంతే.

నడుము ఎత్తు దాకా గోడ బుద్ధిగా నిలబడి ఉంది. అక్కణ్ణుంచి పైకి, ఒక్కో వరసా కొద్ది కొద్దిగా ఇటు జరుగుతూ వచ్చింది. తను ఎక్కడ ఆగిందో గోడ అక్కడ ఒంగింది.

ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. మగవాళ్లు భవనం మీద ఉన్నారు. ఆయన సిమెంటు కొట్టులో బస్తాలు లెక్క చూపిస్తున్నాడు. గోడ పక్కనున్న ఆయన సంచిలోంచి గుండు తీసి, ఇటుకల దొంతర ఎక్కి, పైవరస నుంచి దారం వదిలింది. గుండు ఊగీ ఊగీ నిలబడింది. కిందకి దిగి, దారానికీ కింది వరసలకీ మధ్య చెయ్యి పెట్టింది. ఒక వేలు పట్టింది. రెండు పట్టాయి. మూడో వేలు కూడా సుబ్బరంగా దూరిపోయింది.

మూడు వేళ్ల సందు. ఒంటి ఇటుక గోడ. నిన్న పెట్టిన మాలు ఇంకా గట్టిపడలేదు. వీటన్నిటి మీదా అవతలి వైపు నుంచి మట్టి పోస్తే, ఆ మట్టి గోడని ఎటు తోస్తుందో చెప్పడానికి పెద్ద చదువులక్కర్లేదు.

"అక్కా, వచ్చేశావా! రెండ్రోజులు నువ్వు లేక మాకు నవ్వే లేదు" అంటూ బాలింత వచ్చింది. చంకలో బిడ్డ నిద్రపోతున్నాడు. దుప్పటి గోడ పక్కన పరవబోయింది.

"ఇక్కడొద్దు!"

గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. బాలింత ఉలిక్కిపడి చూసింది.

"చీమలున్నాయే. ఆ మెట్ల కింద పడుకోబెట్టు."

"చీమల్లేవక్కా, రోజూ ఇక్కడేగా..."

"చెప్తున్నాగా, ఉన్నాయి. పో."

ఆ పిల్ల ఏమనుకుందో గానీ దుప్పటి ఎత్తుకుని మెట్ల వైపు వెళ్లింది. ఆమె గుండు చుట్టి సంచిలో పడేసి, సిమెంటు కొట్టు వైపు నడిచింది. రెండు రోజుల పంతం సంగతి అప్పుడు గుర్తే లేదు.

ఆయన బస్తాల మధ్య ఒంటరిగా ఉన్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"ఏమయ్యా, గోడ వాలింది."

"ఏ గోడ?"

"నీ గోడే. వెనకది. మూడు వేళ్లు వాలింది."

ఆయన మొహం ఎర్రబడింది. "ఓహో. రెండు రోజులు నువ్వు రాకపోయేసరికి నా గోడ వంకరైపోయిందా? భలే కనిపెట్టావే! కూలి పెంచమని అడగడానికి ఇంతకంటే మంచి మాట దొరకలేదా?"

"కూలి మాట ఎవరెత్తారయ్యా! నేను గుండు పెట్టి చూశాను."

"నేనూ పెట్టే కట్టాను. బొటనవేలితో తడిమి తడిమి కట్టాను. ముప్పయ్యేళ్ల చేతులివి."

"ఆ చేతులకి చెప్పు నిజమేంటో. రా, తడిమి చూద్దువు గాని."

ఆమె వెనకే వచ్చాడు. ఆమె మళ్లీ దారం వదిలింది. ఆయన చేతిని తనే పట్టుకుని సందులో పెట్టింది. మొదటి వేలు దూరినప్పుడు ఆయన ఏదో అనబోయాడు. మూడో వేలు కూడా దూరింది. సిమెంటుకి పగిలి మొద్దుబారిన ఆ వేళ్లు అక్కడే చాలాసేపు ఉండిపోయాయి. ఆయన పక్కకి తిరిగి నేల వైపు చూశాడు. ఆయన్ని అలా ఆమె ఎప్పుడూ చూడలేదు. కూతురు పుట్టినప్పుడు బతకదన్నారు, అప్పుడు కూడా ఇలా చూడలేదు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"చెప్పకు. గోడ మీద పూత మందంగా వేసేస్తే తెలియదు. కింద లావుగా, పైన పలచగా లాగుతాను. చూసేవాడికి నిలువుగానే ఉంటుంది."

"చూసేవాడికి ఉంటుంది. గోడకి తెలియదా తను వంకరని?"

"అరవకే! నీకు దణ్ణం పెడతాను. ఈ వయసులో నిలువు మేస్త్రి గోడ పడగొట్టారంటే నేనెక్కడ తలెత్తుకోను? పిల్ల చదువు సగంలో ఉంది. నా పేరు ఒక్కటే మనకున్నది."

ఆ మాట ఆమె గుండెల్లో గుచ్చుకుంది. అబద్ధం కాదు. పేరు పోతే పని పోతుంది, పని పోతే ఆ రెండు గదులూ పోతాయి. తను రెండు రోజులు రాకపోవడం వల్లే ఇదంతా. వచ్చి ఉంటే తట్ట మీద ఒక్క దెబ్బ కొట్టేది, గోడ నిలబడేది, ఆయన పేరు నిలబడేది. చేసిన పనికి కూలి అడిగినందుకు ఎవరి ప్రాణం మీదకో వచ్చేలా ఉంది. అడగడం తప్పు కాదని తెలుసు. అయినా తప్పు చేసినట్టే అనిపించింది.

"మట్టి ఎప్పుడు పోస్తారు?" అని అడిగింది.

"వచ్చే వారమన్నాడు. ఈలోగా ఏదో ఒకటి చేస్తాలే. నువ్వు మాత్రం నోరు మూసుకో."

ఆ పొద్దంతా ఆమె తట్టలు మోసిందే గానీ కళ్లు గోడ మీదే ఉన్నాయి. గోడ దగ్గర్నుంచి ఎవరు నడిచినా ఊపిరి బిగబట్టేది. ఒక పిచ్చుక పైవరస మీద వాలితే దాన్ని కూడా అదిలించాలనిపించింది. నవ్వొచ్చే విషయమే గానీ నవ్వు రాలేదు. వచ్చే వారం వరకూ టైముంది, ఈ సాయంత్రం ఇంట్లో మళ్లీ చెబుతాను, వింటాడు, ఎప్పుడూ మొదట విసుక్కుంటాడు, తర్వాత వింటాడు అని తనకి తనే చెప్పుకుంది.

మధ్యాహ్నం అన్నాలకి గంట కొట్టారు. ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని గోడ నీడకి చేరారు. ఆమె పరుగు పరుగున వెళ్లేసరికి ఏడెనిమిది మంది అప్పటికే గోడకి వీపులు ఆనించి కూర్చున్నారు. మెట్ల కింద ఇనప ఊచలు దించుతున్నారని బాలింత బిడ్డని మళ్లీ ఇక్కడికే తెచ్చేసింది.

"చీమలకి చెప్పాంలే అక్కా, ఇవాళ సెలవు తీసుకోమని" అందొకామె. అందరూ నవ్వారు.

అదే సమయానికి అవతలి వైపు నుంచి పెద్ద మోత వినబడింది. బండి వెనక్కి వస్తున్నప్పుడు కొట్టే బీప్ బీప్ చప్పుడు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. టిప్పరు. మట్టి టిప్పరు. వచ్చే వారం కాదు, ఇప్పుడే వచ్చేసింది.

ఆమె మొగుడి కోసం చూసింది. ఆయన కాస్త దూరంలో చేతులు కడుక్కుంటున్నాడు. ఆయనకీ ఆ చప్పుడు వినబడింది. ఆయనా ఇటే చూశాడు. ఆ చూపులో ఆమెకి బతిమాలుకోవడం కనబడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అడిగింది ఆమె కాదన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"లేవండి!" అని అరిచింది. "అందరూ లేవండి! గోడ వాలింది. పడిపోతుంది. లేవండే, మీ కాళ్లు పట్టుకుంటాను!"

ఎవరూ కదల్లేదు. ఏమిటీ ఆడది అన్నట్టు చూశారు. ఆమె వంగి, దుప్పటితో సహా బిడ్డని ఎత్తుకుని పరుగెత్తింది. బిడ్డ గుక్కపట్టాడు. వాడి వెనక తల్లి, ఆమె వెనక మిగతావాళ్లు, డబ్బాలు ఎక్కడివక్కడ వదిలేసి లేచారు. ఆ గోలకి భవనం మీదున్న మగవాళ్లు దిగి వచ్చారు. కాంట్రాక్టరు ఫోను చెవి దగ్గర పెట్టుకునే వచ్చాడు.

"ఏంటమ్మా ఈ గోల? ఎవరికేమైంది?"

"టిప్పరు ఆపించండి సార్. ఈ గోడ మీదకి మట్టి పొయ్యకూడదు. వాలింది."

"నిలువు మేస్త్రి గోడ వాలిందా?" కాంట్రాక్టరు నవ్వాడు. నలుగురూ నవ్వారు. "ఎవరు చెప్పారు నీకు?"

"నేనే చూశాను."

"తట్టలు మోసుకునేదానివి, నీకు గోడ సంగతి ఏం తెలుసు? మీ ఆయనతో పోట్లాడావని విన్నాను. ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోవాలి తల్లీ. నాకు గంటకింత అని టిప్పరు అద్దె అవుతోంది."

ఆమె మొగుడి వైపు చూసింది. తనకి ఎలా తెలుసో చెప్పాలంటే ఏడాది కాలం సంగతి చెప్పాలి. ఆయన కళ్ల సంగతి చెప్పాలి. ఇంతమందిలో తన నోటితో మొగుడి బతుకు తీసెయ్యాలి. చెప్పకపోతే మట్టి పడుతుంది. బిడ్డని తల్లికి అందించింది.

"పొయ్యమని చెప్పండ్రా" అన్నాడు కాంట్రాక్టరు, గోడ అవతలికి చెయ్యి ఊపుతూ.

"ఆపించండి సార్."

నిలువు మేస్త్రి ముందుకొచ్చాడు. తడి చేతులు తుడుచుకోలేదు. మీసం మీద నీళ్లు కారుతున్నాయి.

"ఆమె చెప్పింది నిజం. గోడ వంకరుంది. నేను కట్టిందే."

కాంట్రాక్టరు ఫోను కిందకి దించాడు. "ఏం మాట్లాడుతున్నావ్ మేస్త్రీ?"

"నా కళ్లు కనబడవు సార్. ఏడాదైంది." ఆ మాట అనడానికి ఆయన ఎంత బలం తెచ్చుకున్నాడో మెడ నరాల్లో కనబడింది. "ఈ ఏడాదిగా నేను కట్టిన ప్రతి గోడకీ సందు చూసింది మా ఆవిడ. నేను ఇటుక పెట్టాను, ఆమె నిలబెట్టింది. పేరు నేను తీసుకున్నాను. ఆమె రాని రెండు రోజులూ గుడ్డిగా కట్టాను. పక్కవాణ్ణి ఒక్కణ్ణి చూడమని అడిగితే సరిపోయేది. పరువు పోతుందని అడగలేదు."

ఎవరూ నవ్వలేదు. టిప్పరు చప్పుడు ఆగిపోయింది, డ్రైవరు కూడా దిగి వచ్చి గోడ చివర నిలబడి చూస్తున్నాడు.

"మూడు వేళ్లకే గోడ పడిపోతుందా మేస్త్రీ? భయపడి మాట్లాడుతున్నావు" అన్నాడు కాంట్రాక్టరు, కానీ గొంతులో మునుపటి ధీమా లేదు.

నిలువు మేస్త్రి గునపం తీసుకుని గోడ అవతలికి వెళ్లాడు. "అందరూ దూరం జరగండి" అన్న మాట వినబడింది. గునపం మొన ఇటుకల మధ్య దిగిన చప్పుడు. ఒక్క తోపు. రెండో తోపు. మూడోది అక్కర్లేకపోయింది. నడుము దగ్గర్నుంచి గోడ మొత్తం ముందుకు వాలి, దుప్పటి పరిచిన చోట, డబ్బాలు వదిలేసిన చోట ధడేల్మని పడింది. ఒక డబ్బా రేకు నలిగిన చప్పుడు అందరికీ వినబడింది. దుమ్ము లేచింది. బాలింత బిడ్డని గట్టిగా పొదువుకుని నేల మీద కూలబడిపోయి ఏడుపు లంకించుకుంది.

ఒక్క మనిషి గునపంతో తోసిన రెండు తోపులకే పడింది. టిప్పరు మట్టి అక్కర్లేదు.

కాంట్రాక్టరు మొహం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, భయం పోవడానికి అందరూ చేసే పనే తనూ చేశాడు. కోప్పడ్డాడు. "ఇప్పుడీ ఇటుకలు, ఈ సిమెంటు ఎవరి బాబు సొమ్ము? కళ్లు లేనివాడివి పనిలోకెందుకొచ్చావ్?"

"నా రెండు రోజుల కూలి వద్దు సార్" అన్నాడు నిలువు మేస్త్రి.

"ఆయన కూలి వదులుకుంటాడు సరే, మీ వంతో?" అందామె. "మట్టి ఆనే గోడకి రెండిటుకల మందం ఉండాలని ఆయన మొదటి రోజే మీకు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఇటుకలు దండగ అన్నారు మీరు. ఒంటి ఇటుక గోడ నిలువుగా ఉన్నా ఈ మట్టికి ఎన్నాళ్లు ఆగేదో మీరే చెప్పండి."

కాంట్రాక్టరు పడిపోయిన ఇటుకల వైపు చూశాడు.

"మళ్లీ నేను కడతాను" అందామె. "రెండిటుకలతో. తాపీ నాకివ్వండి. మేస్త్రి పని చేస్తాను, మేస్త్రి కూలి ఇవ్వండి."

"ఆడ మేస్త్రా? ఎక్కడైనా విన్నామా? సరే, ముప్పాతిక కూలి ఇస్తాను. అదీ ఓ వారం చూశాక."

"వారం చూడండి. నెల చూడండి. గుండు పెట్టి పూటకోసారి చూడండి. గోడ ముప్పాతిక నిలబడితే ముప్పాతిక ఇవ్వండి. పూర్తిగా నిలబడితే పూర్తి ఇవ్వండి."

కుర్రమేస్త్రి ఫక్కున నవ్వి, కాంట్రాక్టరు చూసేసరికి దగ్గు నటించాడు. బాలింత కళ్లు తుడుచుకుంటూ లేచి వచ్చి ఆమె పక్కన నిలబడింది. "అక్క కడితేనే నేను ఈ పక్కకి తట్ట మోస్తా. లేకపోతే ఈ గోడ దరిదాపుల్లోకి రాను" అంది. ఇంకో ఆమె తన తట్టని నేల మీద బోర్లించి దాని మీద కూర్చుంది. తర్వాత ఇంకో ఆమె. ఎవరూ నినాదాలు చెయ్యలేదు, చేతులు పైకెత్తలేదు. ఒక్కొక్క తట్టే బోర్లబడింది.

"మేస్త్రీ, నువ్వేమంటావ్?" అని కాంట్రాక్టరు మొగవాడి వైపు తిరిగాడు, మొగవాళ్లయితే బేరం త్వరగా తెగుతుందన్న ఆశతో.

"నేనేమనను సార్. ఆమెకి మేస్త్రి కూలి రాయండి. నాకు తట్ట కూలి రాయండి. నేను ఇటుకలందిస్తాను."

ఆమె చివ్వున తిరిగి ఆయన్ని చూసింది. ఆయన చూపు ఎక్కడో ఉంది.

చివరికి కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. పని ఆగితే రోజుకెంత నష్టమో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడాయన.

ఇంటికి వస్తున్న దారంతా ఆయన మాట్లాడలేదు. పొద్దున లేని మాటలు వేరు, ఇప్పుడు లేని మాటలు వేరు. పొద్దున అలిగి మానేశాడు. ఇప్పుడు మనిషి లోపల ఏదో ఖాళీ అయిపోయినట్టున్నాడు. ఆమెకి మధ్యాహ్నం గోడని చూసి పుట్టిన భయం కంటే ఈ మౌనాన్ని చూస్తే పుట్టిన భయమే ఎక్కువగా ఉంది. గోడ అయితే మళ్లీ కట్టొచ్చు.

ఇంటికి రాగానే కూతురు అలవాటుగా మధ్యలో నిలబడింది. "ఎవరు ఎవరికి ఏం చెప్పాలో త్వరగా చెప్పండి. నాకు చదువుకోవాల్సింది ఉంది."

ఇద్దరూ ఒకేసారి ఆ పిల్ల మొహంలోకి చూశారు. తల్లి జరిగిందంతా చెప్పింది. కళ్ల సంగతి వచ్చేసరికి కూతురు నవ్వు మొహం మారిపోయింది. తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుంది.

"ఏడాదిగా నాన్నా? నాకెందుకు చెప్పలేదు? రాత్రిళ్లు నా పుస్తకం పట్టుకుని, చదివినట్టు తల ఊపుతుంటే నిజంగా చదువుతున్నావనుకున్నాను కదా!"

"నువ్వు దిగులుపడతావని..."

"రేపు పొద్దున్నే కళ్లాసుపత్రికి వెళుతున్నాం. నువ్వు రానంటే ఎత్తుకుపోతాను."

"రేపు ఇటుకలందించాలమ్మా, మీ అమ్మకి."

"అమ్మకి ఇటుకలు ఆ బుజ్జిగాడి అమ్మ అందిస్తుంది. నువ్వు నాతో వస్తున్నావు, అంతే."

ఆయన సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేనడం చూసి తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కూతురు పుస్తకాల దగ్గరికి వెళ్లాక ఆమె మొగుడి ఎదురుగా కూర్చుంది. ఎవరూ మధ్యలో లేరు. ఎలా మొదలుపెట్టాలో తెలియక చీర చెంగుతో వేళ్లు తుడుచుకుంది.

"కోపంగా ఉందా నా మీద? అంతమందిలో అరిచాను."

"లేదు."

"మరి అలా ఉన్నావేం?"

"ఆ రెండు రోజులూ ప్రతి వరసకీ పక్కకి చూశానే" అన్నాడాయన. "తట్ట చప్పుడు కోసం. నువ్వు లేవని తెలుసు. అయినా చూశాను. చప్పుడు లేదు గనక సరిగ్గా ఉందనుకుని ముందుకెళ్లిపోయాను. నువ్వు లేకపోతే చప్పుడుండదని నాకు తోచలేదు. నువ్వు ఎప్పుడూ ఉంటావనే అనుకున్నాను. నీకు కూలెందుకులే అనుకున్నదీ అందుకే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"రేపు తాపీ పట్టుకోవాలంటే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదయ్యా" అంది. "ఇన్నాళ్లూ నీ గోడ. ఏదైనా అయితే నీ పేరు. రేపట్నుంచి నా గోడ. దాని పక్కన ఎవరో కూర్చుంటారు, ఎవరి బిడ్డో పడుకుంటాడు. కాంట్రాక్టరు ముందు గట్టిగానే మాట్లాడాను గానీ, లోపల ఒకటే భయం. నావల్ల కాదేమో."

ఆయన చెయ్యి చాపాడు. మొహం ఎక్కడుందో సరిగా కనబడక భుజం తగిలింది. అక్కడే ఉంచాడు.

"భయం పోనివ్వకు" అన్నాడు. "నేను మొదటి గోడ కట్టినప్పుడు నిద్రపట్టలేదు. పొద్దున్నే లేచి పోయి, నిలబడి ఉందా లేదా అని చూసొచ్చేవాణ్ణి. ఎన్నో ఏళ్లు అలాగే చూశాను. నిలువు మేస్త్రి అని పేరొచ్చాక చూడటం మానేశాను. ఆ భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. కళ్లు పోవడం తర్వాత సంగతే. నువ్వు భయపడుతూనే కట్టు. అప్పుడు నీ గోడ నిలబడుతుంది."

ఆమె ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన అలాగే తల నిమురుతూ కూర్చున్నాడు. అవతలి గదిలోంచి కూతురు తొంగి చూసి, ఈసారి మధ్యలోకి రాకుండా తలుపు దగ్గరగా వేసింది.